దెబ్బతిన్న కారు: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?



అలమండ సంతకు ఎడ్లను తోలుకుపోయే ముందు మనవాళ్లు ఏమేమి చేస్తారో మీకు నేను చెప్పనక్కరలేదు. ముందురోజు చెరువులో శుభ్రంగా కడుగుతారు. కొమ్ములకు నూనె రాస్తారు. మెడలో గంటలు కడతారు. ఇంతవరకు బాగానే ఉంది. కాని కాలు కుంటే ఎద్దుకు ఎంత నూనె రాసినా, కొనేవాడు దాన్ని నాలుగడుగులు నడిపించకుండా రొక్కం తీయడు గదా! నడిపించిన తరువాత కుంటు బయటపడితే, కొమ్ముల నిగనిగ చూసి మెచ్చుకోడు సరిగదా, ‘వీడు ఇంకేం దాచాడో’ అని పళ్లు కూడా పట్టి చూస్తాడు.

ఈనాడు నేను చెప్పబోయేది ఎద్దుల సంగతి కాదు, కార్ల సంగతి. వ్యవసాయ శాఖ వాడికి కార్లతో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. నాకూ మొదట వచ్చింది. కాని మన కొత్తవలస చుట్టుపట్ల ఊళ్లలో మామిడి, కూరగాయలు అమ్ముకునే రైతులు చాలామంది ఇప్పుడు పాత కార్లు కొనుక్కున్నారు. పెందుర్తి మీదుగా విశాఖపట్నం పోవాలన్నా, ఎస్.కోట పోవాలన్నా, ఆసుపత్రికైనా, పెళ్లికైనా కారే. ఆ కారుకు దెబ్బ తగిలినప్పుడు పోయేది ఏ డబ్బు? విత్తనాలకు, ఎరువులకు, దుక్కి కూలికి దాచుకున్న డబ్బే. సంచి ఒక్కటే, దానికి చిల్లు ఎటువైపు పడినా కారేది ఒకటే. అందుచేత ఈ సంగతి నా పనిలోనిదే అనుకుంటున్నాను.

మొన్న ఒక రైతు మా రైతు సేవా కేంద్రానికి వచ్చారు. పేరు ఎందుకు లెండి. రాత్రిపూట ఎస్.కోట నుంచి వస్తూ, ఎదురుగా వచ్చే లారీ లైట్లకు కళ్లు చెదిరి కారును కల్వర్టు గోడకు కొట్టుకున్నారు. దేవుడి దయవల్ల మనిషికి ఏమీ కాలేదు. కారు ముందు భాగం మాత్రం నుగ్గయింది. షెడ్డులో చూపిస్తే 80,000 రూపాయలు అవుతుందన్నారట. ఖరీఫు పెట్టుబడికి ఎలాగూ డబ్బు కావాలి, కారు అమ్మేద్దామని నిశ్చయించుకున్నారు. ‘బాబూ, బాగుసేయించి అమ్మమంటారా, ఇలాగే తోసీమంటారా? ఇంట్లో ఆడోళ్లు రంగేయించి అమ్మమంటన్నారు’ అని అడిగారు.

ఆయనకు జవాబు చెప్పే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాను. మీకూ చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు మీలో ఎవరూ మరచిపోయి ఉండరు. జీడితోటలు, మామిడితోటలు, కొబ్బరిచెట్లు ఎలా పడిపోయాయో చూసినవారే మీరంతా. మా పెరట్లో కొబ్బరిచెట్టు ఒకటి సరిగ్గా మా నాన్నగారి కారు మీద అడ్డంగా పడింది. పైకప్పు కూరుకుపోయింది. బానెట్టు మడతపడింది. ఆ మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లి. కారు అమ్మి ఆ డబ్బు పెళ్లి ఖర్చుకు వాడుకుందామని నాన్నగారి ఆలోచన. తుపాను వెళ్లిన వారానికే ఒక మనిషి వచ్చి, ఉన్నదున్నట్టు 70,000 ఇస్తానన్నాడు. నాన్నగారికి కోపం వచ్చింది. ‘బాగుంటే లక్షా అరవై పలికే బండి, డెబ్బైకి ఇచ్చీడానికి నేనేటి ఎర్రోడినా?’ అని పంపించేశారు.

షెడ్డులో మొదట 45,000 అన్నారు. కప్పు విప్పిన తరువాత లోపల వైరింగు తెగిందన్నారు. బానెట్టు తీసిన తరువాత రేడియేటరు చిల్లుపడిందన్నారు. వాళ్ల తప్పని నేను అనను, విప్పితే గాని లోపలి దెబ్బ ఎవరికీ కనపడదు. మొత్తం 72,000 అయింది. మూడు వారాలన్న పని రెండున్నర నెలలు పట్టింది. తుపాను తరువాత ఏ షెడ్డు చూసినా చెట్లు పడిన బళ్లే, సామాను దొరకడమే కష్టం. ఈలోగా పెళ్లి ముహూర్తం వచ్చేసింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు అప్పు తెచ్చాం.

కారు కొత్త రంగుతో మెరిసిపోతూ ఇంటికి వచ్చింది. కొనడానికి వచ్చినాయన తనతో ఒక మెకానిక్కును తెచ్చుకున్నాడు. ఆ కుర్రవాడు రంగు వైపు చూడనైనా చూడలేదు. జేబులోంచి చిన్న అయస్కాంతం ముక్క తీసి కప్పు మీద అక్కడక్కడ ఆనించాడు. రేకు ఉన్నచోట అంటుకుంది. పుట్టీ మందంగా పెట్టినచోట జారి పడిపోయింది. తలుపు రబ్బరు లాగి లోపలి అతుకు చూశాడు. ‘బండికి పెద్ద దెబ్బే తగిలినట్టుంది’ అన్నాడు. అంతే. లక్షా అరవై అనుకున్న కారు చివరికి చైత్రంలో 1,25,000కు పోయింది. అందులో 72,000 షెడ్డుకు పోను చేతికి మిగిలింది 53,000. మొదటివాడు ఇస్తానన్నది 70,000. పదిహేడు వేలు నష్టం. నాలుగు నెలల వడ్డీ మరో ఎనిమిది వేలు. మా నాన్నగారు ఆ లెక్క ఇప్పటికీ వేయనివ్వరు.

ఇప్పుడు విషయానికి వద్దాం. ఎక్కువమంది చేసే పొరపాటు ఏమిటంటే, బాగుకు అయ్యే ఖర్చును పాడైన కారు ధరతో పోల్చుకుంటారు. లేదా దెబ్బ తగలక ముందు ధరతో పోల్చుకుంటారు. రెండూ కాదు. చూడవలసింది రెండు ధరల మధ్య తేడా: ఈనాడు ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చేది ఎంత, బాగుచేయించిన తరువాత దెబ్బతిన్న కారు అని తెలిసిన మనిషి ఇచ్చేది ఎంత. ఆ తేడా బాగు ఖర్చు కంటే బాగా ఎక్కువ ఉంటేనే షెడ్డుకు తోలండి.

‘బాగా ఎక్కువ’ అని ఎందుకంటున్నానంటే, షెడ్డువారు మొదట చెప్పే లెక్క బయటికి కనిపించే దెబ్బకు మాత్రమే. విప్పిన తరువాత బయటపడేదానికి ఆ లెక్క మీద కనీసం పావు వంతు నేనైతే కలుపుకుంటాను. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లు మీ అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, దాన్నీ కలపండి.

మా కేంద్రానికి వచ్చిన రైతు చేత ఈ లెక్కే వేయించాను. దెబ్బ తగలకపోతే అటువంటి కారు, అదే సంవత్సరంది, సుమారు 2,40,000 పలుకుతోంది. ఇది అమ్మేవాళ్లు అడిగే ధర కాదు సుమండీ, నిజంగా అమ్ముడుపోయిన ధర. ముందు భాగం దెబ్బతిని బాగుచేసిన బండి అని తెలిస్తే 2,10,000 మించి ఎవరూ ఇవ్వరు. ఖర్చు 80,000కు పావు వంతు కలిపితే లక్ష. మిగిలేది 1,10,000. ఉన్నదున్నట్టు ఎంత ఇస్తారో ముగ్గురిని అడిగి రమ్మన్నాను. ఊళ్లో బ్రోకరు 1,15,000 అన్నాడు. విశాఖపట్నంలో పాత కార్లు అమ్మే ఒకాయన 1,30,000 అన్నాడు. గాజువాక ఆటోనగర్‌లో సొంత షెడ్డు ఉన్న ఒక మెకానిక్కు 1,40,000 అన్నాడు.

మెకానిక్కు ఎక్కువ ఎందుకు ఇస్తాడని మీరు అడగవచ్చు. ఇక్కడే కిటుకు ఉంది. మనకు 80,000 అయ్యే పని అతనికి అంత కాదు. కూలి తనది. తుక్కుకు పోయిన కార్ల నుంచి తీసిన బానెట్టు, లైట్లు, రేడియేటరు అతనికి చవకగా దొరుకుతాయి. మనం కొత్త సామాను వేయించి, ఒకరికి కూలి ఇచ్చి, ఆ ఖర్చంతా కొనేవాడి నెత్తిన వేద్దామనుకుంటాం. కొనేవాడు ఒప్పుకోడు. కావున పాడైన కారును, బాగుచేయడం తన వృత్తి అయినవాడికే ముందు చూపించండి. ఒక్కరికి చూపించి ఊరుకోకండి. ముగ్గురికి తగ్గకుండా అడగండి.

అమ్మే కారుకు పైనుంచి కింది దాకా రంగు వేయించడమంటే, కోతకు వచ్చిన వరికి యూరియా చల్లడమే.

అలాగని ఏమీ చేయించవద్దని కాదు. కొన్ని చిన్న పనులకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, బండి తాళం తిప్పితే స్టార్టు కావాలి, తన చక్రాల మీద తాను కదలాలి. కదలని బండి దగ్గరకు వచ్చినవాడు లాగుడు ఖర్చు తీసేస్తాడు, ఇంజను పోయిందేమోనన్న భయానికి మరింత తీసేస్తాడు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే బ్యాటరీ వేయించండి. టైరు గాలి పోతే పంక్చరు వేయించండి. అతుక్కుపోయిన తలుపు తెరుచుకునేలా చేయించండి. లోపల శుభ్రంగా కడిగి, గోనెసంచుల ధూళి, ఎరువు వాసన పోయేలా రెండు రోజులు ఎండలో తలుపులు తీసిపెట్టండి. ఇది నవ్వులాటకు అంటున్నది కాదు, యూరియా బస్తాలు మోసిన కారు డిక్కీ ఎలా తుప్పు పడుతుందో చూసినవాణ్ని. పొల్యూషను సర్టిఫికెట్టు గడువు దాటితే చేయించండి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు వేలల్లోనే ఉంటుంది.

ఇక పెద్ద దెబ్బల్లో కూడా రెండు రకాలున్నాయి. బోల్టులతో బిగించినవి ఒక రకం: బంపరు, లైట్లు, అద్దం, బానెట్టు, తలుపు. ఇవి విప్పి కొత్తవి బిగిస్తే మచ్చ తెలియదు. ఒక్క బంపరో, ఒక్క లైటో అయితే వేయించి అమ్మినా నష్టం రాదు. మీ కారు కొనబోయేది ఊళ్లో మాష్టారో, బంధువో అయినప్పుడు కూడా అంతే, వాళ్లకు షెడ్డుల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు గనుక సిద్ధంగా ఉన్న బండికి నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తారు. రెండో రకం, వెల్డింగుతో ఒకటిగా అతికిన భాగాలు: కప్పును మోసే స్తంభాలు, ఛాసిస్, ఇంజను పక్క రేకులు. వీటిని కోసి అతికితే తెలిసినవాడి కంటికి ఎప్పటికీ దొరుకుతుంది. ఈ రెండో రకం దెబ్బ తగిలిన కారును అమ్మడానికని బాగుచేయించకండి.

ట్రాక్టరు సంగతి వేరు. అది ఇంట్లో పనిచేసే బండి. దమ్ము చేసే రోజుల్లో చెడిపోతే అప్పటికప్పుడు బాగుచేయించవలసిందే, ఆ కొద్ది రోజుల అద్దెతోనే ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. పనులు అయిపోయిన తరువాత చెడితే, అమ్మే ఉద్దేశం ఉంటే, కారుకు చెప్పిన లెక్కే దానికీ.

ఇన్సూరెన్సు గురించి చెప్పాలి. అసలు ఇదే ముందు చెప్పవలసింది. మీకు ఉన్నది థర్డ్ పార్టీయా, ఫుల్ ఇన్సూరెన్సా చూసుకోండి. చట్టం ప్రకారం తప్పనిసరి అయినది థర్డ్ పార్టీ. అది మీ బండి వల్ల ఎదుటివారికి కలిగిన నష్టానికే, మీ బండికి పైసా రాదు. మా నాన్నగారిదీ, ఈ రైతుదీ అదే కథ. ఫుల్ ఇన్సూరెన్సు ఉంటే, బండిని షెడ్డులో విప్పకముందే కంపెనీకి తెలియజేయండి. వాళ్ల సర్వేయరు చూసిన తరువాతే విప్పించాలి. ఫొటోలు తీసి ఉంచండి.

ఖర్చు మొత్తం ఇస్తారనుకోకండి. రబ్బరు, ప్లాస్టిక్కు సామాన్లు, టైర్లు, బ్యాటరీల మీద సగం తగ్గిస్తారు. ఇనుప సామాన్ల మీద బండి వయస్సును బట్టి తగ్గిస్తారు. అద్దాల మీద తగ్గింపు లేదు. తగ్గింపు లేకుండా ఉండేందుకు అదనపు డబ్బు కట్టిన పాలసీ అయితే వేరు. బండికి పాలసీలో రాసిన విలువలో బాగు ఖర్చు నూటికి 75 దాటితే, బాగుచేయించడం మాని, బండి పూర్తిగా నష్టమైనట్టు లెక్కకడతారు. అటువంటప్పుడు బండిని ముందే ఎవరికో అమ్మేసి కూర్చుంటే, రావలసిన డబ్బు చేజారిపోతుంది. చిన్న దెబ్బకు మాత్రం క్లెయిము పెట్టే ముందు ఆలోచించండి. క్లెయిము పెట్టకుండా ఉన్న సంవత్సరాలకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు నూటికి 20 నుంచి మొదలై 50 దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిముతో అది పోతుంది. ఈ తగ్గింపు బండిది కాదు, మనిషిది. కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి దానికి ఉత్తరం తీసుకుంటే, మూడేళ్లలోగా మీరు కొనే మరో కారుకు వాడుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఎంతోమంది వదిలేసుకుంటున్నారు.

వరదనీరు ఎక్కిన కారు విషయంలో ఒక్క మాట. గోస్తనీ, చంపావతి పొంగినప్పుడు, 2018 అక్టోబరులో శ్రీకాకుళం వైపు తిత్లీ వచ్చినప్పుడు చూశాం గదా. నీళ్లలో నిలిచిన కారును ‘స్టార్టవుతుందేమో చూద్దాం’ అని తాళం తిప్పకండి. సిలిండర్లలో నీరు చేరి ఉంటే ఇంజను లోపల రాడ్లు వంగిపోతాయి. అది వరద నష్టం కాదు, మీరు తిప్పడం వల్ల వచ్చిన నష్టం అని ఇన్సూరెన్సు వారు అంటారు. బ్యాటరీ తీగ విప్పి, తోసుకుంటూ ఎత్తుకు చేర్చండి.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. దెబ్బ దాచి అమ్మకండి. కప్పుకు పుట్టీ పెట్టి రంగు వేసినందువల్ల పోయేది డబ్బే. వంగిన ఛాసిస్‌ను దాచి, పేలిపోయిన గాలిసంచి స్థానంలో ఉత్త మూత బిగించి అమ్మితే పోయేది కొన్నవాడి ప్రాణం, అతని పిల్లల ప్రాణం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే, తెలిసిన సంగతిని కావాలని కప్పిపుచ్చడాన్ని మోసం కింద చెప్పారు. చెప్పి అమ్మితే ధర తగ్గుతుందని భయపడతారు. మెకానిక్కును వెంట తెచ్చుకున్నవాడు ఎలాగూ కనిపెడతాడు గదా. అందుచేత తెల్లకాగితం మీద, ఫలానా తేదీన ఫలానా దెబ్బ తగిలింది, ఇది బాగుచేయించాం, ఇది చేయించలేదు, చూసుకుని కొన్నారు అని రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. రేపు తగాదా వస్తే ఆ కాగితం అమ్మినవాడికే ఎక్కువ అక్కరకు వస్తుంది.

సంతలో ఎద్దును అమ్మితే డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి రావడమే. కారు అలా కాదు. డబ్బు తీసుకుని తాళం ఇచ్చినా, ఆర్సీలో మీ పేరు ఉన్నన్నాళ్లు ఆ కారు చట్టం దృష్టిలో మీదే. 2018లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా తేల్చింది. బండి ఎందరి చేతులు మారినా, రవాణా శాఖ పుస్తకాల్లో ఎవరి పేరుందో ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని చెప్పింది. పాడైన కార్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. కొన్న మెకానిక్కు తన పేరు మీదకు మార్చుకోకుండా, బాగుచేసి, ఇంకొకరికి అమ్మి, మీరు సంతకం చేసిన ఖాళీ ఫారాలే వారికి ఇచ్చేస్తాడు. ఈలోగా ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు మీ ఇంటికి వస్తుంది.

కాబట్టి 29, 30 నంబరు ఫారాల్లో కొన్నవారి పేరు, చిరునామా, తేదీ నింపిన తరువాతే సంతకం పెట్టండి. మన రాష్ట్రంలోనే అమ్మితే అమ్మిన 14 రోజులలోగా రవాణా శాఖకు మీరు తెలియజేయాలి. కారు మీద బ్యాంకు అప్పు ఉంటే, తీర్చిన తరువాత 35వ నంబరు ఫారం, బ్యాంకు నిరభ్యంతర పత్రం తీసుకుని ఆ అప్పు మాట ఆర్సీలోంచి తీయించండి. పేరు మారే దాకా కొంత సొమ్ము కొన్నవాడి దగ్గర నిలపకండి, మీ దగ్గరే కాగితాల నకళ్లు నిలుపుకోండి.

పదిహేనేళ్లు దాటి, దెబ్బ కూడా తిన్న కారు అయితే బాగు సంగతే మరచిపోండి. పాత ఇనుము కొట్టుకు ఆర్సీ రద్దు చేయించకుండా తోలేయకండి. ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రానికి ఇస్తే వాళ్లు ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. దానితో మళ్లీ కొత్త బండి కొంటే రిజిస్ట్రేషను రుసుము ఉండదు.

మా దగ్గరకు వచ్చిన రైతు చివరికి ఆటోనగర్ మెకానిక్కుకే అమ్మారు. బేరమాడి 1,48,000 చేయించుకున్నారు. అంతకుముందు చేయించిందల్లా బ్యాటరీ, ఒక టైరు, లోపల కడుగుడు. పెట్టుబడి డబ్బు నారుమళ్ల వేళకు చేతిలో పడింది. ఇంట్లోవాళ్లకు మాత్రం రంగు వేయించలేదన్న బెంగ ఇంకా తీరలేదట. మొన్న మంగళవారం వచ్చి, ఆర్సీలో పేరు మారిన సంగతి ఫోనులో నాకు చూపించారు. చూపించి, నారుమడికి జింకు ఎంత వేయాలో అడిగి తెలుసుకుని వెళ్లారు.